రెడ్ టేప్ అంటే అసలు ఏ టేపు?

"రెడ్ టేపిజం వల్లే ప్రాజెక్టు ఆగిపోయింది" అని పేపర్లో చదువుతుంటాం, టీవీ డిబేట్లో ఎవరో ఒకరు "ముందు ఈ రెడ్ టేపిజం పోవాలండీ" అని బల్ల గుద్దుతారు, గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళు ఎస్సేల్లో తెగ రాస్తుంటారు. భావం అందరికీ తెలుసు, గవర్నమెంటు ఆఫీసులో పని కాకపోవడం. కానీ ఆ టేపు ఏ టేపు అని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. ఎందుకంటే టేపు అనగానే మనకి గుర్తొచ్చేవి పార్సిల్ మీద అంటించే ప్లాస్టర్ టేపు, టైలర్ మెడలో వేలాడే కొలతల టేపు, కాస్త వయసున్నవాళ్ళకైతే పాటల క్యాసెట్టు. ఫైలు మీద అడ్డంగా ఎర్ర టేపు అంటించేస్తారు కాబోలు, అందుకే కదలదు అని ఊహించేసుకునేవాళ్ళు కూడా ఉన్నారు.

అది కాదు. ఇంగ్లీషులో టేప్ అనే మాటకి జిగురు టేపు అనే అర్థం చాలా ఆలస్యంగా వచ్చింది. అసలు అర్థం నూలుతో నేసిన సన్నటి పట్టీ, అంటే మన నాడా. ఇంకొంచెం వెడల్పుగా నేస్తే మంచానికి అల్లే నవారు అవుతుంది చూడండి, ఆ జాతిదే. కాబట్టి రెడ్ టేప్ అంటే అక్షరాలా ఎర్ర నాడా, కాగితాల కట్ట చెల్లాచెదురైపోకుండా చుట్టూ తిప్పి ముడేసే నాడా, అంతకు మించి ఏం లేదు. పాపం దాని ఉద్యోగం కాగితాలు పోకుండా చూడటం, చెడ్డపేరు మాత్రం పనులు ఆపుతుందని వచ్చింది.

స్టేప్లర్లు, పంచింగ్ మిషన్లు, ఫైలు ట్యాగులు లేని రోజుల్లో ఇంగ్లండులో లాయర్లు, సర్కారు గుమాస్తాలు తమ కాగితాల్ని మడతపెట్టో చుట్టచుట్టో ఈ నాడాతో కట్టేవాళ్ళు. ఇది ఎంత మామూలు విషయం అంటే 1658 డిసెంబరులో లండన్ పత్రిక ఒకదాంట్లో ఒక ప్రకటన వచ్చింది, ఎర్ర నాడాతో కట్టిన చిన్న కాగితాల కట్ట ఒకటి వుస్టర్ హౌస్‌కీ లింకన్స్ ఇన్‌కీ మధ్య దారిలో ఎక్కడో పడిపోయింది అని. లింకన్స్ ఇన్ అంటే లాయర్ల పేట. ఆ ప్రకటనలో ఎర్ర నాడా అన్నది తిట్టు కాదు, జోకు కాదు, కేవలం గుర్తు, మనం "నల్ల జిప్పు బ్యాగు పోయింది" అన్నట్టు.

ఇంకో తమాషా ఏంటంటే ఆ ఎరుపు సరిగ్గా ఎరుపు కూడా కాదు. ఇప్పటికీ ఇంగ్లండులో బారిస్టర్లకి వచ్చే కేసు కట్టలు నాడాతోనే కట్టి వస్తాయి, కానీ ఆ రంగు గులాబీ. సర్కారు తరఫున ప్రాసిక్యూషన్ వాళ్ళ కట్టకైతే తెల్ల నాడా. రంగుల చరిత్ర రాసినవాళ్ళు చెప్పేదేంటంటే ఒకప్పుడు ఈ నాడాలకి కుసుమ పువ్వు రంగు అద్దేవాళ్ళట, కుసుమ రంగు త్వరగా వెలిసి గులాబీలోకి దిగిపోతుంది. మన తాండూరు, జహీరాబాద్ వైపు నూనె కోసం వేసే కుసుమ పంటే ఇది. ఆఫీసుల మీద విసుక్కుంటూ రెడ్ టేప్ అనే రైతు చేలోనే ఆ రంగు పూస్తోందన్నమాట, ఇది ఊరికే పక్కమాట.

ఇక పుట్టుక గురించి ఎక్కువగా తిరిగే కథ ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీది. భార్య క్యాథరిన్‌తో పెళ్ళి రద్దు చేయమని ఇంగ్లండు ప్రభువులంతా 1530లో పోప్ ఏడో క్లెమెంట్‌కి ఒక విన్నపం పంపారు, దాని అడుగున ఎనభై దాకా మైనపు ముద్రలు ఎర్ర పట్టు రిబ్బన్లకి గుత్తుల్లాగా వేలాడుతుంటాయి, ఇప్పటికీ వాటికన్‌లో ఉంది. ఫోటో చూస్తే రెడ్ టేప్‌కి ఇంతకన్నా మంచి బొమ్మ దొరకదు అనిపిస్తుంది. కానీ బొమ్మ బాగుందని పుట్టుక అదే అనేయడం కుదరదు, ఎందుకంటే ఆ మాట తిట్టుగా మారింది దాని తర్వాత రెండొందల ఏళ్ళకి గానీ కాదు. 1736లో ఇంగ్లండు రాజకీయ నాయకుడు లార్డ్ హర్వే ఒక పద్యంలో ఒక పెద్దమనిషిని ఎగతాళి చేస్తూ, ఆయన నుదురు ముడేసి కౌన్సిల్లో ఎర్ర నాడానీ తెలివినీ ప్రదర్శిస్తాడు అన్న ధోరణిలో అంటాడు. అక్కడ మొదలైంది, వస్తువు కాస్తా మనస్తత్వం అవడం.

దాన్ని ఇంటింటికీ చేర్చింది మాత్రం పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో థామస్ కార్లైల్, చార్లెస్ డికెన్స్ లాంటి రచయితలు. డికెన్స్ కుర్రాడిగా ఉన్నప్పుడు లాయరు దగ్గర గుమాస్తా, తర్వాత కోర్టు రిపోర్టరు, పార్లమెంటు రిపోర్టరు, అంటే ఆ నాడాలు కట్టడం విప్పడం దగ్గర నుంచి చూసినవాడు, ఊరికే బయట నిలబడి తిట్టినవాడు కాదు. 1850లో ఆయన ఒక చిన్న కథ రాశాడు, ఒక పేద కమ్మరి ఇరవై ఏళ్ళు కష్టపడి ఒక యంత్రం తయారుచేసి దానికి పేటెంటు తీసుకుందామని లండన్ వస్తాడు. వచ్చాక మొదలవుతుంది. ఈ ఆఫీసులో అర్జీ, ఆ ఆఫీసులో నకలు, అక్కడ ఫీజు, ఇంకోచోట ముద్ర, రాణిగారి సంతకం ఒకసారి కాదు రెండుసార్లు. మొత్తం 35 మెట్లు ఎక్కాడు, ఒక్క ఇంగ్లండు వరకే 96 పౌండ్ల పైన వదిలింది. రాణిగారితో మొదలుపెట్టి చివరికి డిప్యూటీ చాఫ్-వ్యాక్స్ దగ్గర తేలానంటాడు. ఈ చాఫ్-వ్యాక్స్ అంటే ఎవరో కాదు, ముద్ర వేయడానికి లక్క కరిగించే ఉద్యోగి, ఆయనకి మళ్ళీ ఒక డిప్యూటీ! ఇది కథే అయినా అందులో ఆఫీసులు కల్పన కాదు, అప్పటి పేటెంటు పద్ధతి నిజంగా అంతే. 1852లో చట్టం మార్చి ఒకే ఆఫీసు పెట్టారు, లక్క కరిగించే కొలువు కూడా అదే దెబ్బతో పోయింది. ఇప్పుడు మనం సింగిల్ విండో అంటున్నామే, ఆ ఆలోచనకి అప్పుడే అంత వయసుంది.

ఆ రోజుల్లోనే రష్యాతో క్రిమియా యుద్ధం వచ్చింది, రెడ్ టేప్ అన్న మాటకి అసలు కసి అక్కడ ఎక్కింది. 1854 చలికాలంలో బ్రిటిష్ సైనికులు స్కర్వీతో చిగుళ్ళు కుళ్ళిపోయి పడి ఉంటే, దానికి మందైన నిమ్మరసం డిసెంబరులోనే ఓడలో బాలక్లావా రేవుకి వచ్చింది, టన్నుల లెక్కన వచ్చింది. కానీ ఫిబ్రవరి దాకా మనిషికి అందలేదు. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ అమ్ముకోలేదు. రోజువారీ రేషన్‌లో నిమ్మరసం ఇవ్వాలి అనే ఆర్డరు లేదు, అంతే. కాఫీ ఇవ్వాలి అని ఆర్డరుంది కాబట్టి ఇచ్చారు, వేయించని పచ్చి గింజలు ఇచ్చారు, మంచులో తడిసిన కట్టెలతో వాటిని వేయించుకుని నూరుకుని తాగమని. రెడ్ టేప్ అంటే ఏంటి అని ఎవరైనా అడిగితే నిర్వచనాలు వెతుక్కోకుండా ఈ రేవులో కూర్చున్న నిమ్మరసం గురించి చెప్తే చాలు.

1855లో డికెన్స్ ఒక సభలో ఇంకో కథ చెప్పాడు, ఇది నిజంగా జరిగింది. ఇంగ్లండు ఖజానాలో ఎప్పటి నుంచో లెక్కలు కర్రముక్కల మీద గాట్లు పెట్టి ఉంచేవాళ్ళు, మన పాలవాళ్ళు గోడ మీద గీతలు గీసినట్టు అనుకోండి. కాగితం వచ్చింది, పుస్తకాలు వచ్చాయి, అంకగణితం వచ్చింది, అయినా ఆ కర్రలు పోలేదు, 1782లో రద్దు చేస్తూ చట్టం చేస్తే అమలు 1826కి గానీ కాలేదు. సరే, రద్దయ్యాక ఆ పుల్లల గుట్టల్ని ఏం చేయాలి? చుట్టుపక్కల బీదవాళ్ళకి వంటచెరుకుగా ఇచ్చేయొచ్చు, కానీ ఆఫీసు ఆనవాయితీ ఒప్పుకోలేదు, రహస్యంగా తగలబెట్టాలని తేల్చారు. 1834 అక్టోబరు 16న హౌస్ ఆఫ్ లార్డ్స్ కింద కొలిమిలో పెట్టారు, వేడికి పొగగొట్టాలు అంటుకున్నాయి, ఆ రాత్రికి పార్లమెంటు దాదాపు మొత్తం తగలబడిపోయింది. ఇప్పుడు మనం ఫోటోల్లో చూసే గడియారం టవరు ఉన్న బిల్డింగు ఆ తర్వాత కట్టిందే.

ఇక్కడ ఆగి ఒక మాట స్పష్టంగా అనుకోవాలి, ఎందుకంటే మన దగ్గర ఈ మాటని వాడకూడని చోట్ల కూడా వాడేస్తున్నాం. లంచం రెడ్ టేప్ కాదు. "చేయి తడపందే ఫైలు కదలదు" అన్నది అవినీతి, దానికి వేరే పేరుంది. ఉద్యోగి సీట్లో లేకపోవడం, టీకి వెళ్ళి రెండు గంటలు రాకపోవడం కూడా రెడ్ టేప్ కాదు, అది బద్ధకం. రెడ్ టేప్ ఇంకా చిత్రమైంది, అక్కడ అందరూ రూల్ ప్రకారమే నడుచుకుంటారు, ఎవరి సంతకం వాళ్ళు పెడతారు, ఎవరినీ తప్పుపట్టలేం, పని మాత్రం జరగదు. లంచగొండిని ఏసీబీకి పట్టించొచ్చు, రూల్‌ని ఎవరికి పట్టిస్తాం.

ఈ తేడా తెలియాలంటే లాల్ బిహారీ కథ చాలు. ఉత్తరప్రదేశ్ ఆజంగఢ్ జిల్లా మనిషి. లోన్ కోసం కాగితాలు తీసుకుందామని రెవెన్యూ ఆఫీసుకి వెళ్తే "నువ్వు చనిపోయావు కదయ్యా" అన్నారు. భూమి కోసం బాబాయే అధికారికి డబ్బులిచ్చి రికార్డులో చంపేయించాడు. ఇది లంచం, దీనికి ఎంతసేపు పట్టి ఉంటుంది, కాగితం మీద ఒక్క వాక్యం రాసేంత సేపు. మళ్ళీ బతికినట్టు రాయించుకోవడానికి మాత్రం పట్టిన కాలం 1975 నుంచి 1994 దాకా. ఎదురుగా నిలబడ్డ మనిషి ఊపిరి పీలుస్తున్నాడని ఆఫీసులో అందరికీ కనిపిస్తోంది, కానీ రికార్డు వేరేలా చెప్తోంది, రికార్డు మార్చే రూల్ వాళ్ళ దగ్గర లేదు. ఈ రెండోది రెడ్ టేప్. ఆయన తన భార్యకి వితంతు పెన్షన్ ఇవ్వమని దరఖాస్తు పెట్టించాడు, పేరు పక్కన మృతక్, అంటే చనిపోయినవాడు, అని తగిలించుకున్నాడు, ఏకంగా రాజీవ్ గాంధీ మీద పోటీకి నిలబడ్డాడు, అభ్యర్థుల జాబితాలో ఉంటే బతికున్నట్టు ఒప్పుకోవాలి కదా అని.

మన దేశంలో ఈ మాట ఇంతగా పాతుకుపోవడానికి కారణం వేరే చెప్పాలా, కంపెనీ వాళ్ళు, తర్వాత రాణి సర్కారు, తమతో పాటు ఫైలు పద్ధతిని కూడా తెచ్చారు. మనకి అంతకుముందు నుంచే దస్త్రాలున్నాయి, కరణం గారి ఎర్రగుడ్డ మూటలున్నాయి, రెండూ కలిసిపోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1951 పరిశ్రమల చట్టంతో ఫ్యాక్టరీ పెట్టాలన్నా పెంచాలన్నా లైసెన్సు కావాల్సి వచ్చింది, దాన్ని లైసెన్స్-పర్మిట్ రాజ్ అని రాజాజీ ఎద్దేవా చేశాడు. ఆయనతో కలిసి 1959లో స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడైంది మన అప్పటి గుంటూరు జిల్లా నిడుబ్రోలు ఆచార్య రంగా గారు. ఆ లైసెన్సుల్లో చాలావాటిని 1991 జులైలో కొట్టేసింది ఇంకో తెలుగాయన, పీవీ నరసింహారావు, పరిశ్రమల శాఖ కూడా అప్పుడు ఆయన చేతిలోనే ఉంది. 18 రకాల పరిశ్రమలు తప్ప మిగతావాటికి లైసెన్సు అక్కర్లేదన్నారు. అంటే ఈ ఎర్ర నాడాని తిట్టడంలోనూ కత్తిరించడంలోనూ తెలుగువాళ్ళ వాటా గట్టిదే.

హిందీవాళ్ళు ఈ మాటని చక్కగా సొంతం చేసుకున్నారు, లాల్‌ఫీతాశాహీ అంటారు, ఫీతా అంటే నాడా, శాహీ అంటే రాజ్యం, ఎర్ర నాడా రాజ్యం, వింటేనే చాలు. తెలుగులో ఎందుకో అలాంటి అనువాదం నిలబడలేదు, రెడ్ టేపిజం అనే అనేస్తున్నాం. దానికి ఒక కారణం ఉండొచ్చు, ఈ అనుభవానికి మన దగ్గర అంతకంటే పదునైన మాటలు ముందే ఉన్నాయి. ఫైలు మీద కొర్రీలు వేస్తారు. తొక్కిపెడతారు. చెప్పులరిగేలా తిప్పుతారు. ఒక కొర్రీకి జవాబిస్తే ఇంకో కొర్రీ, దానికిస్తే "సార్ లీవులో ఉన్నారు, రేపు రండి". ఒకప్పుడు ఊళ్ళల్లో దెయ్యం రాకుండా తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్ళు గుర్తుందా, దెయ్యం రోజూ వచ్చి అది చదువుకుని వెనక్కి పోయేదట, ఆఫీసుల్లో అది రాయకుండానే పనిచేస్తుంది. కొర్రీ అన్న మాటలో ఉన్న చిరాకు రెడ్ టేప్‌లో లేదు, కాకపోతే కొర్రీ ఒక్క ముడి, రెడ్ టేప్ మొత్తం నాడా.

ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు కొన్ని చోట్ల జాగ్రత్తగా ఉంటే మంచిది. రెడ్ టేప్ లెక్కపెట్టే మాట కాదు, ఎంత చిక్కున్నా రెడ్ టేప్ అనే అనాలి, "మెనీ రెడ్ టేప్స్" అంటే ఎదుటివాడు నిజంగా టేపు చుట్టలు అనుకుంటాడు. "టూ మచ్ రెడ్ టేప్" అనొచ్చు, "ఎ లాట్ ఆఫ్ రెడ్ టేప్" అనొచ్చు. రెడ్ టేపిజం తప్పు మాట కాదు, పాత ఇంగ్లీషులో ఉంది, కానీ ఇప్పుడు లండన్‌లో, న్యూయార్క్‌లో మామూలు మాటల్లో పెద్దగా వినిపించదు, మన పేపర్లలోనే బతికుంది. చిక్కు తొలగించడాన్ని "కట్ ద రెడ్ టేప్" అంటారు, పని ఇరుక్కుపోతే "టైడ్ అప్ ఇన్ రెడ్ టేప్". ఇక్కడ నాడా అన్న బొమ్మ ఇంకా సజీవంగా ఉంది చూడండి, కట్టేస్తుంది, కత్తిరిస్తాం. ఇది సర్కారుకే పరిమితం కూడా కాదు, క్లెయిము కోసం పదహారు కాగితాలు అడిగే ఇన్సూరెన్సు కంపెనీకి, సొంత డబ్బులు తీసుకోవడానికి మూడు ఫారాలు నింపమనే బ్యాంకుకి కూడా నిక్షేపంగా వాడొచ్చు. మన నాయకులకి ఇష్టమైన డైలాగు ఒకటుంది, రెడ్ టేప్ పోయి రెడ్ కార్పెట్ వచ్చింది అని, ప్రాస బాగుంటుంది. కానీ ప్రారంభోత్సవంలో కత్తిరించేది మాత్రం రిబ్బన్, అది వేరే, దానికి కత్తెర ఎప్పుడూ రెడీగా పళ్ళెంలో ఉంటుంది.

మరి ఈ నాడాలు అసలు ఎందుకు పుడతాయి అంటే ఎవరో కుర్చీలో కూర్చుని జనాన్ని ఏడిపిద్దామని పెట్టినవి తక్కువ. హెర్బర్ట్ కాఫ్‌మన్ అనే అమెరికన్ పండితుడు 1977లో దీని మీదే ఒక పుస్తకం రాసి తేల్చింది ఏంటంటే ఒకడికి రెడ్ టేప్ అయింది ఇంకొకడికి రక్షణ. మన స్థలాల సంగతే తీసుకోండి. ప్లాటు అమ్ముకునేటప్పుడు ఈసీ తే, లింకు డాక్యుమెంట్లు తే, సాక్షులు తే అంటే ఒళ్ళు మండుతుంది, అదే మన ప్లాటుని ఎవడో దొంగ కాగితాలతో డబుల్ రిజిస్ట్రేషన్ చేయించేశాడని తెలిసిన రోజున సబ్ రిజిస్ట్రార్ ఇంకో పది కాగితాలు అడిగి ఉండొచ్చు కదా అనిపిస్తుంది. ప్రతి కొర్రీ వెనక ఎప్పుడో ఎవడో చేసిన ఒక మోసం ఉంటుంది. చిక్కేంటంటే ఆ మోసగాడు పోతాడు, రూల్ పోదు, దాని మీద ఇంకో రూల్ ఎక్కుతుంది.

కత్తిరించే ప్రయత్నాలు లేవని కాదు. తెలంగాణ 2014లో టీఎస్-ఐపాస్ చట్టం తెచ్చి పెద్ద పరిశ్రమలకి 15 రోజులు, మిగతావాటికి 30 రోజులు గడువు పెట్టింది, అందులో అసలు పదును ఎక్కడుందంటే గడువులోగా అధికారి ఏమీ చెప్పకపోతే అనుమతి వచ్చేసినట్టే లెక్క. ఫైలు తొక్కిపెట్టడం అనే ఆయుధాన్నే తిరగేసి పట్టుకున్నట్టు. 2020లో ఇళ్ళకి బీపాస్ వచ్చింది, 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లైతే అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలన్నారు. కేంద్రం వాళ్ళ వ్యాపార సౌలభ్యం ర్యాంకుల్లో 2016లో ఆంధ్రా, తెలంగాణ రెండూ 98.78 శాతంతో ఫస్టు ప్లేసు పంచుకున్నాయి. ఇవన్నీ మంచివే, కానీ ర్యాంకులు పెట్టుబడి పెట్టేవాడి వైపు నుంచి లెక్కేసినవి, కులం సర్టిఫికెట్ కోసం నిలబడ్డ పిల్లాడి వైపు నుంచి కాదు.

ఇక ఫైళ్ళన్నీ ఆన్‌లైన్ అయ్యాక నాడా పోయింది అనుకున్నారు, పోయింది కూడా, నూలు నాడా. ఇప్పుడు ఫోటో 50 కేబీ మించకూడదు, 20 కేబీకి తగ్గకూడదు, చుక్క గుర్తున్న గడి నింపకపోతే తర్వాతి పేజీ రాదు. పాత రోజుల్లో గుమాస్తాని బతిమాలొచ్చు, గడిని ఎలా బతిమాలతాం. అందులోనూ మన తెలుగు పేర్లకి ఇది ప్రత్యేకమైన కష్టం. మనకి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక అక్షరం, ఆధార్లో మొత్తం, పాన్ కార్డులో వెనక, బ్యాంకులో అసలు లేదు. నలుగురు గుమాస్తాలు నాలుగు ఫారాలు రూల్ ప్రకారం సరిగ్గానే నింపారు, ఒక మనిషి నలుగురయ్యాడు, ఇప్పుడు ఆ నలుగురూ ఒక్కరే అని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించుకోవాలి.

అమెరికా వెళ్ళేవాళ్ళకి దీని తర్వాతి భాగం ఉంటుంది. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు ఎవరో పేరంతా సర్‌నేమ్ గడిలో రాసేసి గివెన్ నేమ్ గడి ఖాళీగా వదిలేస్తారు. వీసా వాళ్ళ రూల్ ప్రకారం ఖాళీ గడి ఉండకూడదు, అందుకని మొదటి పేరు తెలియదు అనే అర్థంలో ఎఫ్ఎన్‌యూ అని మూడక్షరాలు వేస్తారు. ఆ మూడక్షరాలు వీసా నుంచి యూనివర్సిటీ ఐడీకి, అక్కడి నుంచి బ్యాంకుకి, డ్రైవింగ్ లైసెన్సుకి ఎక్కుతాయి. నామకరణం రోజు బియ్యంలో రాసి, చెవిలో మూడుసార్లు చెప్పి పెట్టిన పేరు ఎక్కడో వెనక ఉండిపోతుంది, క్లినిక్కులో నర్సు బయటికొచ్చి కాగితం చూసి "ఫ్నూ? మిస్టర్ ఫ్నూ?" అని పిలుస్తుంది, కుర్చీల్లోంచి ఇద్దరు ముగ్గురు తెలుగు కుర్రాళ్ళు ఒకేసారి లేస్తారు.